ఆకాశ యుద్ధానికి అంకెలే అస్త్రాలు

మన సినిమాల్లో ఆకాశ యుద్ధం ఎలా వుంటుందో మీకు వేరే చెప్పాలా? పౌరాణికాల రోజుల్లో ఇటునుంచి ఒక బాణం, అటునుంచి ఒక బాణం. రెండూ నడిమధ్యలో ముక్కూ ముక్కూ ఆనించుకుని కాసేపు బుసలు కొట్టేవి. నిప్పులు కురిసే అస్త్రం వస్తే నీళ్ళు కురిసే అస్త్రం. పాము వస్తే గద్ద. హాలంతా ఈలలు! కాలం మారింది, అస్త్రాలు పోయి విమానాలు వచ్చాయి. మన వరుణ్ తేజ్ 2015లో 'కంచె' కోసం రెండో ప్రపంచ యుద్ధంలో నేల మీద పోరాడాడు, 2018లో 'అంతరిక్షం'లోకి వెళ్ళొచ్చాడు, 2024లో 'ఆపరేషన్ వాలెంటైన్' కోసం యుద్ధ విమానం ఎక్కాడు. ఒక్క హీరో మూడు లోకాలూ చుట్టేశాడన్నమాట!

అయితే సినిమా విమానానికి ఒక వరం వుంది. దాని ట్యాంకు ఖాళీ కాదు, తూటాలు అయిపోవు. హీరోగారు ప్రేయసిని తలుచుకోవడానికి కావలసినంత తీరిక కూడా దొరుకుతుంది. ఈ సంప్రదాయాన్ని మొహమాటం లేకుండా పక్కన పెట్టిన సినిమా 2017లో వచ్చిన 'డంకర్క్'. అందులో స్పిట్‌ఫైర్ నడిపే పైలట్‌కి అసలు విలన్ జర్మన్ విమానం కాదు, పెట్రోలు ముల్లు. ఆ ముల్లు పాడైతే అతను చాక్‌పీసుతో లెక్కలు రాసుకుంటూ పోరాడతాడు. ఆ సినిమా చూసి బయటికి వచ్చినప్పుడు మా తమ్ముడు ఒక్కటే మాటన్నాడు:

"అన్నా, గిది సినిమా కాదే. గిది మా ఆట!"

ఆ ఆట గురించే ఈ వ్యాసం. ఆటతోబాటు మా తమ్ముడి గురించి కూడా.

ఎవరీ తమ్ముడు?

వాడు మా చిన్నాయన కొడుకు. ఊరు నల్లగొండ జిల్లాలో. బి.ఎస్సీ. మ్యాథ్స్, ఫిజిక్స్ చదివాడు. చిన్నప్పట్నుంచీ ఒకటే కోరిక, యుద్ధ విమానం నడపాలని. మన దుండిగల్‌లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీ వుంది కదా, పదో తరగతిలో ఎవరో తీసుకెళ్ళి దూరంనుంచి చూపించారు. అంతే, ఆ రోజునుంచి మెడ కిందకి దించలేదు.

రాత పరీక్ష పాసయ్యాడు. ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. అక్కడ పైలట్ కావాలనుకునేవాళ్ళకి కంప్యూటర్ మీద ఒక పరీక్ష పెడతారు. కన్ను, చెయ్యి, కాలు, బుర్ర ఒకేసారి ఎంత చక్కగా పని చేస్తున్నాయో చూసే పరీక్ష. దానికి జీవితంలో ఒక్కటే అవకాశం. డిగ్రీ పరీక్షలాగా సెప్టెంబరులో మళ్ళీ రాస్తాను అంటే కుదరదు. ఒకసారి పోతే ఇక పైలట్ కుర్చీ తలుపు మూసుకున్నట్టే. మావాడు పోయాడు. అప్పటికి వాడి వయసు 21.

ఊళ్ళో మొహం చూపించలేక వచ్చి కోఠిలో నా గదిలో పడ్డాడు. నేను పత్రికలకు విడి వ్యాసాలు రాసుకుని బతికే బ్రహ్మచారిని. బ్యాంక్ స్ట్రీట్ వెనక సందులో రెండో అంతస్తులో గది. పగలంతా వాడు గుజరాతీ గల్లీలో ఒక ఎలక్ట్రానిక్స్ షాపులో కూర్చుంటాడు. రాత్రి పదయ్యేసరికి చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. తెల్లారగట్ల మూడింటికి గానీ లేవడు. "వాడు పిచ్చోడైతుండు బిడ్డా, నువ్వన్న చెప్పి మాన్పియ్యి" అని చిన్నాయన ఫోను మీద ఫోను.

చెప్పేముందు అసలు ఆ మాయ ఏమిటో చూద్దామని నేనూ పక్కన కుర్చీ వేసుకున్నాను. పాఠకులారా, ఆ కుర్చీ రెండేళ్ళుగా అక్కడే వుంది!

ఉస్మానియా బిస్కెట్లతో యుద్ధం

ఆట పేరు 'హార్ట్స్ ఆఫ్ ఐరన్', నాలుగో భాగం. స్వీడన్‌లోని పారడాక్స్ అనే కంపెనీ 2016 జూన్ 6న విడుదల చేసింది. కథ 1936లో మొదలవుతుంది. ఒక్కొక్క ఆటగాడూ ఒక్కొక్క దేశం పుచ్చుకుంటాడు. ఒకరు జర్మనీ, ఒకరు బ్రిటన్, ఒకరు జపాన్. ఇండియా కూడా వుంటుంది, కానీ బ్రిటిష్ రాజ్ అనే పేరుతో బ్రిటన్ చేతికింద. ఆటగాళ్ళు ఎక్కడెక్కడి దేశాల్లోనో వుండి ఇంటర్నెట్ ద్వారా ఒకే పటం మీద ఆడతారు. యూరప్ వాళ్ళకి సాయంత్రమైతే మనకి అర్ధరాత్రి. మావాడి కళ్ళ కింద నలుపుకి కారణం అదీ.

ఇందులో విమానాన్ని మనం నడపం. ఈ ముక్క మొదట గుర్తుపెట్టుకోండి. ట్యాంకు దళాన్ని పటం మీద ఇక్కణ్ణించి అక్కడికి జరపొచ్చు. విమానాలు అలా కాదు. వాటికి ఒక ఇల్లుంటుంది, అది విమానాశ్రయం. వాటికి ఒక పొలం వుంటుంది, అది ఆకాశంలో ఒక ప్రాంతం. "ఈ ఇంట్లో వుండు, ఆ పొలంలో ఈ పని చెయ్యి" అని చెప్పడమే మన పని. మిగతాదంతా అంకెలు చూసుకుంటాయి.

మావాడు నాకు ఈ పాఠం చెప్పింది అబిడ్స్‌లో ఒక ఇరానీ హోటల్లో. టేబులు మీద సాసర్ పెట్టి "గిది ఎయిర్‌పోర్టు" అన్నాడు. ప్లేట్లోంచి నాలుగు ఉస్మానియా బిస్కెట్లు తీసి సాసర్లో పెట్టాడు. "గివి ఫైటర్లు. గా చాయ్ కప్పు లండన్. ఇప్పుడు చెప్పు, సాసర్ నుంచి కప్పు దాకా ఎంత దూరం?"

దూరమే మొదటి సూత్రం. విమానం ఎంత గొప్పదైనా దాని ఇంటినుంచి పొలం దూరమైతే పని సగమే జరుగుతుంది. ఆట కూడా అదే లెక్క వేస్తుంది. విమానం చేరగలిగిన దూరం ఆ ప్రాంతంలో ఎంత భాగాన్ని కప్పుతుందో చూసి, దాన్నిబట్టి దాని సామర్థ్యాన్ని కోస్తుంది. వంద విమానాలు పంపినా పాతికలాగే పనిచేస్తాయి. కోఠి నుంచి సుల్తాన్‌బజార్‌కి సైకిలు మీద వెళ్ళే పిల్లాడు రోజుకి ఇరవై సార్లు తిరుగుతాడు. పటాన్‌చెరు నుంచి వచ్చేవాడు ఒక్కసారి వచ్చి మొహం కడుక్కుని తిరుగు బస్సు పడతాడు. ఇద్దరూ మనుషులే, కానీ బజారు పని ఎవరివల్ల జరుగుతుంది?

ఇది ఆట కోసం కల్పించింది కాదు. 1940 వేసవిలో ఫ్రాన్సును జయించిన జర్మనీ బ్రిటన్ మీద విమానాలతో పడింది. ఆ యుద్ధం జూలై 10 నుంచి అక్టోబరు 31 దాకా జరిగిందని బ్రిటిష్ వాళ్ళ లెక్క. జర్మన్ల మెస్సర్‌ష్మిట్ 109 ఫైటర్ ఏ విషయంలోనూ స్పిట్‌ఫైర్‌కి తీసిపోదు. కానీ సముద్రం దాటి లండన్ మీదికి వచ్చేసరికి దానికి మిగిలేది పట్టుమని పది నిమిషాల పోరాటానికి సరిపడా పెట్రోలు. పదకొండో నిమిషంలో ఎంత వీరుడైనా తోక తిప్పాల్సిందే. పైగా ఇంగ్లండు మీద దూకిన బ్రిటిష్ పైలట్ గొడుగు మడుచుకుని రైలెక్కి మర్నాడు డ్యూటీకి వచ్చేవాడు. అక్కడే దూకిన జర్మన్ పైలట్ యుద్ధఖైదీ. ఇంటి ముందు కొట్లాటకీ పరాయి వీధి కొట్లాటకీ అదీ తేడా.

నాలుగు పనులు, నాలుగు గుణాలు

రెండో సూత్రం, ఏ పని చెప్పాలి అన్నది. ఆటలో ముఖ్యమైనవి నాలుగు. ఒకటి, ఆకాశం మీద పెత్తనం. ఫైటర్లు ఆ ప్రాంతంలో తిరుగుతూ కనిపించిన శత్రు విమానాన్నల్లా తరుముతాయి. రెండు, అడ్డగింత. ఫైటర్లు శత్రువు బాంబర్ల కోసమే కాచుకుని వుండి వాటి మీద పడతాయి. మూడు, కింద పోరాడే మన సైన్యానికి పైనుంచి చెయ్యి ఆసరా. నాలుగు, శత్రువు ఫ్యాక్టరీల మీద బాంబులు.

ఆకాశం ఎవరిదైతే కింద నేల సగం వాళ్ళదే. నెత్తిమీద శత్రు విమానాలు తిరుగుతుంటే కింద సైన్యం నడక మందగిస్తుంది, దెబ్బ కాచుకునే శక్తీ తగ్గుతుంది. అందుకే మావాడంటాడు, "పైన గెలువకుంట కింద గెల్వలేవు అన్నా."

మూడో సూత్రం, విమానం గుణాలు. కొట్టే శక్తి, దెబ్బ తట్టుకునే శక్తి, వేగం, చురుకు. ఈ నాలుగూ ఒకేచోట దొరకవు. రెండు ఇంజన్ల పెద్ద ఫైటర్ చాలా దూరం పోతుంది, కానీ మెలికలు తిరగలేదు. చిన్న ఫైటర్ చిటికెలో మలుపు తిరుగుతుంది, దూరం పోలేదు. బాంబర్ కొండంత బరువు మోస్తుంది, ఫైటర్ ఎదురైతే కోడిపిల్ల. అందుకే దానికి కాపలాగా ఫైటర్లు వెళ్ళాలి. చూశారా, మళ్ళీ పౌరాణికం దగ్గరికే వచ్చాం. ఆగ్నేయానికి వారుణం, నాగానికి గరుడం. సర్వాస్త్ర సంపన్నుడైన విమానం ఈ ఆటలో లేదు, నిజంలోనూ లేదు. 1940లో జర్మన్లు బాంబర్లకు కాపలాగా రెండు ఇంజన్ల మెస్సర్‌ష్మిట్ 110ని పంపారు. చివరికి ఆ కాపలావాళ్ళకే కాపలా పెట్టాల్సి వచ్చింది!

నాలుగోది చాలామంది పట్టించుకోరు, మావాడికి మాత్రం ప్రాణం. కనిపించడం. శత్రువు విమానం మనకి కనిపిస్తేనే పోరాటం. కనిపించకపోతే వాడు వచ్చి బాంబులేసి దర్జాగా వెళ్ళిపోతాడు, మన ఫైటర్లు మరో మూల గిరికీలు కొడుతుంటాయి. రాత్రయితే చూపు తగ్గుతుంది, వాన పడితే పని చెడుతుంది. ఆటలో రాడార్ కడితే చూపు పెరుగుతుంది. రాడార్‌కి బోలెడు ఖర్చు, అది ఒక్క విమానాన్నీ కూల్చదు. కుర్రాళ్ళెవరూ దానిమీద డబ్బు పెట్టరు. మావాడు మొదట పెట్టేది దానిమీదే.

ఐదోది విమానాశ్రయంలో చోటు. ఒక్కొక్క మెట్టుకి 200 విమానాలు చొప్పున, పది మెట్లు కడితే 2,000. అంతకు మించి కుక్కారో, అన్నిటి పనీ మందగిస్తుంది. సాయంత్రం ఆరింటికి కోఠి బస్టాపు చూసినవాళ్ళకి ఈ సూత్రం వివరించనక్కర్లేదు. బస్సులకేం లోటులేదు, కదలడానికి దారే లేదు.

సముద్రం మీద కదిలే విమానాశ్రయం కూడా వుంది. అదే విమాన వాహక నౌక. ఇల్లే నడిచొచ్చి మన వాకిట్లో నిలబడుతుందన్నమాట. ఇది మన తెలుగువాళ్ళకి పుస్తకాల్లో చదువుకున్న సంగతి కాదు, అనుభవించిన సంగతి. 1942 ఏప్రిల్ 6న జపాన్ వాళ్ళ 'ర్యూజో' నౌక బంగాళాఖాతంలోకి వచ్చింది. దానిమీద నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. జపాన్ ఎక్కడ, కాకినాడ ఎక్కడ! ఇల్లు జరిగితే పొలం జరిగినట్టే.

కింగ్ కోఠి గోడ పక్కన

ఇంతవరకూ ఆట బాగుంది. నాకు వ్యాసం కనిపించింది మాత్రం మరోచోట. ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూసుకుంటూ రామకృష్ణ, సంతోష్, సప్న థియేటర్ల నాటి కబుర్లు చెప్పుకుంటూ నడుస్తున్నాం. అలా నడిచి కింగ్ కోఠి వైపు మళ్ళాం. ఆ పెద్ద గోడ పక్కన నేను అడిగాను, "ఈ ఇంటాయన విమానాలు కొన్నాడు, తెలుసా?"

నిజమే. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1967లో చనిపోయేదాకా వున్నది ఈ కింగ్ కోఠిలోనే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన ఇచ్చిన సొమ్ముతో బ్రిటిష్ వాళ్ళు ఒక దళానికి విమానాలు సమకూర్చారు. 1918లో అవి ఫ్రాన్సు వెళ్ళి జర్మన్ పట్టణాల మీద బాంబులు వేశాయి. అప్పట్నుంచి ఆ దళం పేరు 110 హైదరాబాద్ స్క్వాడ్రన్. బ్రిటన్ రెండో యుద్ధంలోకి దిగిన మర్నాడే, 1939 సెప్టెంబరు 4న, బ్రిటిష్ వైమానిక దళం జర్మన్ యుద్ధనౌకల మీద చేసిన తొలి దాడిలో ఈ దళమూ వుంది. ఇంకా వినండి. 152 హైదరాబాద్ స్క్వాడ్రన్ 1940లో దక్షిణ ఇంగ్లండులో వార్మ్‌వెల్ అనేచోట నుంచి స్పిట్‌ఫైర్లు నడిపింది. దాని చిహ్నం మీద నిజాం తలపాగా! 253 హైదరాబాద్ స్టేట్ స్క్వాడ్రన్ హరికేన్లతో అదే యుద్ధంలో పోరాడింది. 110, 152 దళాలు తరువాత జపాన్ మీద యుద్ధానికి మన ఇండియాకే వచ్చాయి.

మావాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అడిగాడు, "అండ్ల మనోళ్ళు ఉన్నరా అన్నా? నడిపినోళ్ళు?"

పేరు మనది, నడిపినవాళ్ళు వేరు. ఇండియా నుంచి 24 మంది పైలట్లు 1940లో బ్రిటన్ వెళ్ళారు. వాళ్ళలో మహీందర్ సింగ్ పుజ్జి తలపాగాతోనే హరికేన్ నడిపాడు. సంస్థానం సొమ్ము అంటే అంతిమంగా ఎవరి సొమ్ము? శిస్తు కట్టిన రైతులది. మా ముత్తాత ఆ శిస్తు కట్టినవాడే. స్పిట్‌ఫైర్‌లో ఒక బోల్టుకి మా ముత్తాత జొన్నలు కూడా పడి వుంటాయని నేను నవ్వాను. వాడు నవ్వలేదు. "పైసలు మనయి, పేరు మనది. సీటే మనది కాదు," అన్నాడు. వాడి సొంత గొడవ అందులో ఎంత వుందో నాకు తెలుసు, అందుకని నేనూ ఊరుకున్నాను.

ఒక శనివారం రాత్రి

ఆ వారం ఆటలో వాడు బ్రిటన్. నేను బ్రిటిష్ రాజ్. నా పని ఫ్యాక్టరీలు కట్టి, విమానాలు చేసి, వాడికి అప్పుగా పంపడం. అంటే ఇంచుమించు నిజాంగారి ఉద్యోగం. ఆటలో దళానికి మనకి నచ్చిన పేరు పెట్టుకోవచ్చు. నేను పంపిన వంద ఫైటర్లతో దళం కట్టి, దానికి '152 హైదరాబాద్' అని పేరు పెట్టాడు మావాడు.

జర్మనీ ఆడే మనిషి ఎవరో యూరప్ కుర్రాడు. అతని పేరు మాకు తెలియదు, గొంతే తెలుసు. ఫ్రాన్సు పడిపోయింది. దక్షిణ ఇంగ్లండు ఆకాశం ఎర్రబడింది, అంటే శత్రువు చేతిలోకి పోతోంది. మా పక్షం వాళ్ళంతా హెడ్‌ఫోన్లో కేకలు. "అన్ని ఫైటర్లూ పంపు! ఒక్కసారిగా పంపు!"

వాడు పంపలేదు. సగం ఫైటర్లని ఉత్తరాన దాచాడు. మిగతావాటికి పెత్తనం పని మాన్పించి అడ్డగింత పని చెప్పాడు. కిక్కిరిసిన విమానాశ్రయాల్లోంచి కొన్ని దళాలు తీసి ఖాళీగా వున్నచోట్లకి జరిపాడు. రాడార్లు అప్పటికే కట్టుకున్నాడు కదా, శత్రువు బాంబర్లు ఎప్పుడు లేచినా కనిపిస్తున్నాయి. అవి వచ్చినప్పుడల్లా పడడం, దిగడం, మరమ్మతు చేసుకోవడం. హీరోయిజం లేదు, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ లేదు. పక్కా కిరాణా కొట్టు వ్యవహారం.

చరిత్రలో బ్రిటిష్ ఫైటర్ దళాల అధిపతి డౌడింగ్ చేసింది కూడా ఇదే. 1940 మే 16న ఆయన తన ప్రభుత్వానికి ఉత్తరం రాశాడు. ఫ్రాన్సుకి ఇంకా ఇంకా ఫైటర్లు పంపుతూపోతే చివరికి బ్రిటన్‌ని కాపాడడానికి ఏమీ మిగలదని హెచ్చరిక. పిసినారి అని తిట్టుకున్నవాళ్ళు తిట్టుకున్నారు. దాచిన ఆ ఫైటర్లే వేసవిలో దేశాన్ని నిలబెట్టాయి.

రెండు గంటల తర్వాత తెర మీద '152 హైదరాబాద్' తెరిచి చూశాం. వందలో 61 మిగిలాయి. కొత్తవి వచ్చి చేరుతున్నాయి, మళ్ళీ వంద అవుతుంది. కానీ పక్కన ఇంకో గీత వుంది, అది అనుభవం. పాతవాళ్ళు పోయి కొత్తవాళ్ళు వచ్చినకొద్దీ ఆ గీత కిందికి జారుతుంది. విమానాలు వందే, దళం మాత్రం వెనకటి దళం కాదు. పోయినవన్నీ శత్రువు కూల్చినవి కూడా కాదు, కొన్ని వట్టి ప్రమాదాల్లో పోయినవి. ఆట అదీ మరిచిపోలేదు.

1940లోనూ అంతే. బ్రిటిష్ ఫ్యాక్టరీలు విమానాలు చేస్తూనే వున్నాయి, కొరత వచ్చింది పైలట్లకి. ఆ వేసవి పోరాడిన సుమారు 2,900 మందిలో 544 మంది యుద్ధం ముగిసేలోగా ఒరిగిపోయారు. చాలామంది ఇరవై రెండేళ్ళు దాటని కుర్రాళ్ళు. అంటే మావాడి ఈడువాళ్ళు.

జర్మనీ కుర్రాడు చివరికి "బాగా ఆడావు" అని చెప్పి వెళ్ళిపోయాడు. గెలుపు మనదే. నేను చప్పట్లు కొట్టబోతే వాడు ఇంకా ఆ 61 అనే అంకె మీదే చూపు పెట్టుకుని వున్నాడు.

"అన్నా, ఒక్కటి చెప్పనా? రెండేండ్ల సంది నేను గీ ఆటల విమానం నడుపుతున్న అనుకుంటున్న. నడుపుత లేనే. నేను కింద కూసొని చెప్తున్న. ఎవడు లేవాలె, ఎవడు దిగాలె, ఎవనికి పెట్రోల్ అయిపోతున్నది... గదే చేస్తున్న. గది నాకు మంచిగొస్తది."

కింద కూర్చున్నవాళ్ళు

వాడన్నది నిజం. 1940 యుద్ధం గురించిన సినిమాల్లో కెమెరా ఎప్పుడూ కాక్‌పిట్‌లోనే వుంటుంది. 1969లో వచ్చిన 'బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్' చూడండి, ఆకాశమంతా అసలైన విమానాలు. అయితే అందులోనే నేలమాళిగ గదులు కూడా కనిపిస్తాయి. పెద్ద బల్ల మీద దేశపటం. యూనిఫారం వేసుకున్న అమ్మాయిలు పొడుగాటి కర్రలతో గుర్తులు జరుపుతుంటారు. రాడార్ చెప్పింది ఫోనులో విని, ఏ దళం ఎప్పుడు లేవాలో చెప్పేవాళ్ళు కింద కూర్చునేవాళ్ళే. వాళ్ళు లేకపోతే పైన స్పిట్‌ఫైర్ గుడ్డి గద్ద. మావాడి ఆటకి అసలు తాత ఆ బల్ల. మనం మాత్రం టికెట్ కొన్నది పైలట్ కోసమని ఆ సీన్లలో పాప్‌కార్న్‌కి లేచిపోతాం.

ఆ తరువాతి ఆదివారం వాడు కోఠి ఫుట్‌పాత్ మీద ఒక లావాటి గైడు కొనుక్కొచ్చాడు. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వాళ్ళు ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ ఉద్యోగాలకి పెట్టే పరీక్షది. ఫిజిక్స్, మ్యాథ్స్ చదివిన బి.ఎస్సీ. వాళ్ళు రాయొచ్చు. వయసు 27 దాకా. ముఖ్యమైన సంగతి, ఇది పోతే మళ్ళీ రాయొచ్చు. పాసైతే గొంతు పరీక్ష కూడా వుంటుంది, మాట తడబడకుండా స్పష్టంగా పలుకుతుందా లేదా అని. అర్ధరాత్రి హెడ్‌ఫోన్లో పదిమంది కేకలేస్తుంటే నిదానంగా మాట్లాడినవాడికి అదొక లెక్కా అని నా ధైర్యం.

ఆట మానెయ్యలేదు. శనివారం ఒక్కరోజే. ఇది నేను పెట్టిన షరతు కాదు, వాడు పెట్టుకున్నది. కుర్రాళ్ళ ఆటలన్నీ ఉద్యోగాలు తెచ్చిపెడతాయని నేను మీకు బోధించడం లేదు సుమండీ! ఆట ఆటే. తెల్లారగట్ల మూడింటిదాకా మేలుకుంటే షాపులో కునికిపాట్లు తప్పవు, పరీక్షలో సున్నాలూ తప్పవు. మనకి దేని మీద ఇష్టమో, ఆ ఇష్టంలో ఏ భాగం మన చేతికి వస్తుందో చూసుకోవడం మాత్రం అవసరం. మావాడికి ఇష్టం విమానం. చేతికొచ్చింది విమానాల లెక్క. ఈ రెంటికీ మధ్య దూరం దాటడానికి వాడికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళలో వాణ్ణి ఆ కుర్చీలోంచి ఎవరైనా బలవంతంగా లాగేసి వుంటే ఏమయ్యేదో నేను చెప్పలేను.

మొన్న చిన్నాయన ఊరినుంచి వచ్చాడు. ఇమ్లీబన్ బస్టాండులో దిగి, చేతిలో అటుకుల సంచీతో, ఇవాళ అటో ఇటో తేల్చుకోవాలని. వాడు షాపునుంచి రాగానే చిన్నాయన, "ఏందిరా గా ఆట, నాకు జెర చూపెట్టు" అన్నాడు. వాడు భయపడుతూనే తెరిచాడు. చిన్నాయన అరగంట ఊరికే చూశాడు. తరువాత ఆయన వేసిన మొదటి ప్రశ్న: "గిన్ని విమానాలకు పెట్రోల్ యాడికెళ్ళి వస్తది?"

రైతు కదా, ట్రాక్టరుకి డీజిల్ పోసినవాడు. ఇంటర్నెట్ కుర్రాళ్ళు పది ఆటలు ఓడిపోతే గానీ అడగని ప్రశ్న ఆయన అరగంటలో అడిగాడు. మావాడి మొహం వెలిగింది. చమురు బావులు చూపించాడు, ఓడలు చూపించాడు. ఆట కట్టేసి గైడు తీశాడు. విమానాలు ఆకాశంలో ఎలా పడితే అలా పోవు నాయనా, పైన దార్లుంటాయి, ఒకదాని మీద ఒకటి అంతస్తులుంటాయి, కింద ఒకడు కూర్చుని చెప్తాడు అని నోటు పుస్తకంలో బొమ్మ గీశాడు.

"ఆకాశంల గూడ గట్లు పెట్టిన్రా?" అన్నాడు చిన్నాయన.

"పెట్టిన్రు నాయిన."

"మరి గా గట్ల కాడ కొట్లాట రాకుంట చూసుడు నీ పనా?"

"వస్తే... నాదే."

చిన్నాయన అటుకుల సంచీ విప్పాడు. నేను చాయ్ తేవడానికి కిందికి దిగాను. తిరిగొచ్చేసరికి ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని ఆ బొమ్మనే తిప్పి తిప్పి చూస్తున్నాడు, ఇంకా అడుగుతున్నాడు. ఆ ఎంపిక పరీక్ష తరువాత వాళ్ళిద్దరూ అంతసేపు మాట్లాడుకోవడం నేను చూసింది అదే మొదటిసారి. పరీక్ష ఇంకా రాయాలి. ఫలితం ఏదైనా కానివ్వండి, ఆయన ఆఖరి బస్సు మాత్రం ఆ రాత్రి దాటిపోయింది.